వానలో సైకిల్ పందెం



సైకిల్ పందెం అనగానే మీకు ఏం గుర్తుకొస్తుందో గాని, నాకు మాత్రం ముసురు పట్టిన ఒక ఆదివారం ఉదయం గుర్తుకొస్తుంది. తడిసిన ఎర్రమట్టి, రోడ్డు పక్కన పడి ఉన్న ఒక సైకిల్, దాని పక్కన కూర్చుని భుజం పట్టుకున్న ఒక పిల్లవాడు. ఆ ఉదయం గురించి, అది నాకు నేర్పిన పాఠం గురించి ఈరోజు మీతో చెప్పుకుందామని వచ్చాను. నేను పందెగాణ్ణి కాను. కోలారు బంగారు గనుల ఊరిలో బడిపంతుల్ని. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారుకు వెళితే తమిళం వినిపించే ఊరు మాది. పాఠాలతోపాటు పిల్లల ఆటలు కూడా చూసుకోమంటే సరేనని, సైకిల్ పందేల బాధ్యత నెత్తికెత్తుకున్నవాణ్ణి.

ముందుగా ఒక మాట. వానను 'చెడు వాతావరణం' అనడానికి మా కోలారు జిల్లాలో ఎవరికీ నోరు రాదు. ఏడాది పొడుగునా నీళ్లు పారే నది ఒక్కటీ లేని జిల్లా ఇది. పాలారు పేరుకు నదే గాని, చాలా నెలలు అందులో కనిపించేది ఇసుకే. చెరువునూ బోరుబావినీ నమ్ముకున్న రైతుకు వాన అంటే పండుగ. అయితే అదే వాన శ్రీనివాసపురం మామిడి తోటల మీద వడగళ్లతో పడితే ఆ రైతే తల పట్టుకుంటాడు. కోసి ఆరబెట్టిన రాగి కంకుల మీద పడినా అంతే. వాన ఒకటే, అది వచ్చే వేళకు మనం ఏ పనిలో ఉన్నామో, ఎంత సిద్ధంగా ఉన్నామో దాన్నిబట్టి మంచిదీ చెడ్డదీ అవుతుంది. సైకిల్ పందెం సంగతి కూడా ఇంతే.

మా ఊరికీ సైకిల్‌కీ ఉన్న బంధం పాతది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ ఇక్కడి గనుల పని చేపట్టింది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి మా గనులకు కరెంటు వచ్చింది. 1956లో గనులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఈ మధ్యకాలమంతా ఆండర్సన్‌పేట, రాబర్ట్‌సన్‌పేట, మారికుప్పం వీధుల్లోంచి కార్మికులు షిఫ్టుకు సైకిళ్ల మీద వెళ్లేవారు. మా నాన్నగారూ అలా వెళ్లినవారే. వాన వచ్చిందని షిఫ్టు ఆగదు, సైరన్ ఆగదు. అయితే వాన రోజున ఆయన మామూలు కంటే పావుగంట ముందు ఇల్లు కదిలేవారు. "ఇంటి దగ్గర తొందరపడితే దారిలో తొందరపడే పని ఉండదురా" అనేవారు. ఆ మాట విలువ నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మీలో వయసు మళ్లినవారికి ఇంకో దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఊరి నడుమ మైదానంలో గుండ్రంగా తాడు కట్టి, ట్యూబు లైట్లు వేసి, మైకులో పాటలు పెట్టి, ఒక మనిషి మూడు రోజులో వారం రోజులో సైకిల్ దిగకుండా తొక్కేవాడు. అన్నం సైకిల్ మీదే, స్నానం సైకిల్ మీదే. వాన వచ్చినా దిగేవాడు కాదు. జనం గొడుగులు వేసుకుని నిలబడి చూసి, చిల్లర డబ్బులు వేసి వెళ్లేవారు. చిన్నప్పుడు అతణ్ణి మించిన వీరుడు లోకంలో లేడనుకునేవాణ్ణి. వానలో ఆగకపోవడమే వీరత్వం అని అప్పుడే మనసులో పడిపోయిందేమో. కాని అతను తొక్కేది నడక వేగంతో. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు, ఎదురుగా లారీ రాదు. పందెం అలాంటిది కాదు గదా!

ఇక ఆ ఆదివారం సంగతి. అది 2015 నవంబరు. చెన్నై వరదల్లో మునిగిన నెల. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే మా జిల్లాలో రోజుల తరబడి ముసురు. పెద్ద తరగతుల పిల్లలకు, ఈ మధ్యే బడి వదిలిన కుర్రాళ్లకు కలిపి ఒక పందెం పెట్టాం. రాబర్ట్‌సన్‌పేట నుంచి బేతమంగళ వైపు వెళ్లి తిరిగి రావాలి. చాలామందివి సర్కారువారు ఇచ్చిన సైకిళ్లే. కర్ణాటకలో 2006-07 నుంచి చాలా ఏళ్లపాటు ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్లు ఇచ్చారు. ఆ సైకిళ్లు ఎంతమంది ఆడపిల్లల చదువు నిలబెట్టాయో మా పంతుళ్లకు తెలుసు. కాని అవి బడికి వెళ్లడానికి చేసినవి, పందేనికి చేసినవి కావు.

పొద్దున ఆరున్నరకు తుంపర. ఏడు గంటలకు వాన చిక్కబడింది. ఆపేద్దామా అని నాకు అనిపించింది. నిజం చెబుతున్నాను, అనిపించింది. కాని ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నారు. కప్పులు బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. పిల్లలు తడుస్తూనే "సార్, వదలండి సార్" అని గోల చేస్తున్నారు. నేను ఈల ఊదాను.

తిరుగు దారిలో, పల్లంలో ఉన్న ఒక మలుపు దగ్గర ముందున్న పిల్లవాడు బ్రేకు పట్టాడు. సైకిల్ ఆగలేదు. ఇంకా గట్టిగా పట్టాడు. వెనక చక్రం పక్కకు జారింది. పడ్డాడు. అతని మీద ఇంకొకడు పడ్డాడు. మొదటివాడికి భుజం ఎముక విరిగింది. అదృష్టం ఏమిటంటే, ఆ నిమిషంలో ఎదురుగా ఏ బండీ రాలేదు. వెనక వస్తున్నవాళ్లలో ఒకే ఒక్కడు ఆగి, తన చొక్కా విప్పి గాయపడినవాడి తల మీద కప్పి, మేము వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. మిగిలినవాళ్లు కప్పు కోసం వెళ్లిపోయారు. వాళ్లను నేను తప్పుపట్టలేను. ఆగమని వాళ్లకు నేను ఎప్పుడూ నేర్పలేదు.

ఆసుపత్రి వరండాలో ఆ పిల్లవాడి తల్లి నన్ను ఒక్కటే అడిగింది. "వాన వస్తా ఉండేది మీకు తెలుసు కదా సార్?" కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగినట్టుగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న వెంటబెట్టుకుని నేను చాలా రోజులు తిరిగాను. సైకిల్ షాపు మేస్త్రీని అడిగాను, పందేల్లో తిరిగిన కుర్రాళ్లను అడిగాను, చేతనైనంత చదివాను. నాకు తెలిసినదాన్ని మీకు తరగతిలో చెప్పినట్టే చెబుతాను.

మొదట బ్రేకు. పాత రకం సైకిళ్లకు ఉక్కు రిమ్ము మీద క్రోమియం మెరుగు ఉంటుంది. బ్రేకు రబ్బరు ఆ రిమ్మును రాసుకుని చక్రాన్ని ఆపాలి. రిమ్ము తడిస్తే రబ్బరుకూ ఉక్కుకూ మధ్య నీటి పొర నిలుస్తుంది. ముందు ఆ నీరు తుడుచుకుపోవాలి, ఆ తరువాతే పట్టు. ఈలోగా చక్రం చాలా చుట్లు తిరిగిపోతుంది. అల్యూమినియం రిమ్ము కొంత నయం. డిస్కు బ్రేకు ఇంకా నయం. అందుకే వానలో తొక్కేటప్పుడు మలుపు రావడానికి చాలా ముందే బ్రేకును మెల్లగా రాయిస్తూ నీటిని తుడవాలి. మలుపులో పడ్డాక పట్టకూడదు. పైగా వేగం రెట్టింపయితే ఆగడానికి కావలసిన దూరం నాలుగు రెట్లు అవుతుంది. పొడి రోడ్డుకే ఈ లెక్క. తడి రోడ్డుకు ఇంకా ఎక్కువే వేసుకోండి.

రెండోది రోడ్డు. బాగా కురిసిన వాన కంటే అప్పుడే మొదలైన వాన ఎక్కువ ప్రమాదం. ఎన్నాళ్లుగానో పేరుకున్న దుమ్మూ లారీల నూనే నీటితో కలిసి జిగురులా తయారవుతాయి. కాసేపు గట్టిగా కురిస్తే అది కొట్టుకుపోతుంది. మా జిల్లాకు మాత్రమే చెందిన చిక్కులు కొన్ని ఉన్నాయి. కోలారులో దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి ఉంది. లారీల నుంచి రాలిన టమోటాలు టైర్ల కింద నలిగి రోడ్డు మీద అరటితొక్కల్లా పనిచేస్తాయి. సుగ్గి కాలంలో రాగి కంకులు రోడ్డు మీదే పరుస్తారు, బండ్లు తొక్కి నూర్చాలని. తడిసిన ఆ గడ్డి మీద సైకిల్ చక్రం నిలవదు. ఇక బంగారుపేట నుంచి మారికుప్పం దాకా రైలు పట్టాలున్న ఊళ్లలో, తడిసిన పట్టాను ఏటవాలుగా దాటినవాడు పడక తప్పదు. నేరుగా, అడ్డంగా దాటాలి. అనుమానం ఉంటే దిగి నడిపించుకుని దాటాలి.

మూడోది గాలి. ఆషాఢమాసపు గాలి మా ఊళ్లో పడమటి నుంచి వీస్తుంది. మీరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నారనుకోండి. ఎదురుగాలి కూడా గంటకు 20 కిలోమీటర్లే అనుకోండి. మీ ఒంటికి తగిలే గాలి 40. గాలి నిరోధం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అందుకే పందెగాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కుని తొక్కుతారు. వెనక ఉన్నవాడికి బలం బాగా మిగులుతుంది. పొడి రోజున అది తెలివి. వానలో అదే ముప్పు. ముందు చక్రం చిమ్మే బురద కళ్లలో పడుతుంది, బ్రేకు పట్టదు, ఎడం ఉండదు. ఒకడు పడితే నలుగురు పడతారు. మా దగ్గర పడిన రెండోవాడు అలా పడినవాడే. గాలి రోజుల్లో మా ఊరికి ఇంకో బాధ కూడా ఉంది. గనుల నుంచి తవ్విన రాతిపిండిని పోసిన సైనైడ్ దిబ్బలు ఊరి చుట్టూ కొండల్లా ఉన్నాయి. గాలి లేస్తే ఆ పిండి లేస్తుంది. రొప్పుతూ తొక్కేవాడు మామూలు మనిషి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాడు. అలాంటి రోజున ఆ దిబ్బల పక్కన పందెం పెట్టడం అంటే పిల్లల ఊపిరితిత్తులను పందెం కాయడమే.

నాలుగోది చలి. మన ఎండదేశంలో చలి ఏమిటని మీరు నవ్వవచ్చు. మా ఊరు సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. 2007 దాకా మా జిల్లాలోనే ఉండి, తరువాత చిక్కబళ్లాపురం జిల్లాలోకి వెళ్లిన నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. బెంగళూరు కుర్రాళ్లు సైకిళ్ల మీద ఆ కొండ ఎక్కుతారు. ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు మంచు. తడిసిన బట్టలతో గాలికి ఎదురుగా దిగితే ఒంటి వేడి ఇట్టే పోతుంది. ముందు వేళ్లు మొద్దుబారతాయి. మొద్దుబారిన వేళ్లతో బ్రేకు పట్టలేరు. వణుకు మొదలైనా, మాట తడబడినా ఇక తొక్కకూడదు. దిగి, తడి బట్టలు విప్పి, పొడిబట్ట కప్పుకుని, వేడిగా ఏదైనా తాగాలి. కొండ దిగే ముందు చొక్కా లోపల, రొమ్ము మీద పాత దినపత్రిక పెట్టుకోవడం పందెగాళ్ల పాత అలవాటు. ఖర్చు లేని మంచి ఉపాయం అది. తెలుగు పత్రికయినా కన్నడ పత్రికయినా గాలిని ఒకేలా ఆపుతుంది.

ఇప్పుడు కాస్త బయటి లోకం వైపు చూద్దాం. 1910లో ఇటలీలో మిలాన్ నుంచి శాన్‌రెమో దాకా జరిగిన పందెంలో మంచు కురిసింది. బయలుదేరినవారు 60 మందికి పైగా. చివరిదాకా వచ్చి లెక్కకెక్కినవారు నలుగురు. గెలిచినవాడు యూజీన్ క్రిస్టోఫ్ అనే ఫ్రెంచివాడు. అతను ఎలా గెలిచాడో తెలుసా? దారిలో కడుపునొప్పితో, చలితో కూలబడితే ఎవరో ఒక పూటకూళ్ల ఇంటికి తీసుకువెళ్లారు. అక్కడ తడి బట్టలు విప్పేసి, దుప్పటి కప్పుకుని, ఒళ్లు వేడెక్కేదాకా ఆగాడు. ఆ తరువాతే మళ్లీ సైకిల్ ఎక్కాడు. అంటే ఆ రోజు గెలిచింది ఆగినవాడే! అయినా గెలిచాక నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పూర్వపు ఆరోగ్యం రావడానికి చాలాకాలం పట్టింది.

1980లో బెల్జియంలో లియెజ్ నుంచి బాస్టోన్ వెళ్లి తిరిగివచ్చే పందెం కూడా మంచులోనే జరిగింది. 174 మంది బయలుదేరితే 21 మంది మిగిలారు. గెలిచిన బెర్నార్డ్ ఇనో వేళ్లలో రెండింటికి ఆ రోజు పోయిన స్పర్శ మళ్లీ పూర్తిగా రాలేదంటారు. వీళ్లంతా అదే వృత్తిగా బతికినవాళ్లు. వెనక కారు, డాక్టరు, వేడి కాఫీ అన్నీ ఉన్నవాళ్లు. అయినా ఇంత మూల్యం చెల్లించారు. చివరికి 2016 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఒక పద్ధతి పెట్టింది. మంచు, తుపాను గాలి, భరించలేని ఎండ, కనుచూపు ఆనని పొగమంచు ఉంటే పందెం నడిపేవారు, డాక్టరు, పందెగాళ్ల ప్రతినిధి కలిసి కూర్చుని, పందెం ఆపాలా, దారి తగ్గించాలా అని తేల్చాలి.

చూడండి, జీతానికి తొక్కేవాడికే ఆపమని చెప్పే మనుషులున్నారు. సరదాకు తొక్కే మన పిల్లలకు ఎవరున్నారు? సోమవారం బడికి వెళ్లవలసిన పిల్లవాడు, కూలికి వెళ్లవలసిన కుర్రాడు, వాళ్లను ఆపేది ఎవరు? మీరూ నేనూ తప్ప ఇంకెవరూ లేరు. అందుకే నేను చెప్పదలచినది ఒక్కటే. ఆపడం కూడా పందెంలో భాగమే. అది పందెం రోజు పొద్దున ఆలోచించవలసిన సంగతి కాదు, ముందురోజు సాయంత్రమే తేల్చుకోవలసిన సంగతి.

మీ ఊళ్లో జాతరకో, గణేశుని పండుగకో, రాజ్యోత్సవానికో సైకిల్ పందెం పెడుతున్నారనుకోండి. ముందురోజే ఒక మనిషిని నిర్ణయించండి. అతను ఆగమంటే పందెం ఆగాలి. అతను కప్పు ఇచ్చే దాత కాకూడదు, ముఖ్య అతిథి కాకూడదు, పందెంలో ఉన్న పిల్లవాడి తండ్రీ కాకూడదు. వాతావరణశాఖవారి సూచన చూడమనండి. పిడుగుల సంగతి చెప్పే 'దామిని' అనే యాప్ 2020 నుంచి ఉచితంగా దొరుకుతోంది. అదీ చేతిలో లేకపోతే లెక్కపెట్టడం చాలు. మెరుపు కనిపించాక 30 అంకెలు లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పందెం ఆగాలి, పిల్లలు పక్కా కట్టడంలోకి వెళ్లాలి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచేదాకా బయటికి రాకూడదు.

ఒట్టి తుంపరే అయితే పందెం మానక్కరలేదు, పద్ధతి మార్చండి. అందరినీ ఒక్కసారి వదలకండి. ఒక్కొక్కరిని నిమిషం తేడాతో వదిలి, ఎవరికి ఎంత సమయం పట్టిందో రాసుకోండి. గుంపు ఉండదు, ఒకరి మీద ఒకరు పడడం ఉండదు. ప్రతి మలుపు దగ్గర ఎర్రగుడ్డతో ఒక మనిషిని నిలబెట్టండి. పోలీసువారికి ముందే చెప్పి బండ్లను ఆపించండి. ప్రతి సైకిల్ బ్రేకు రబ్బర్లు, టైర్లు మేస్త్రీతో చూపించండి. టైరులో గాలి కాస్త తగ్గిస్తే తడి రోడ్డు మీద పట్టు పెరుగుతుంది. హెల్మెట్ లేనివాణ్ణి వదలకండి. గమ్యం దగ్గర కప్పులతోపాటు పొడి తువ్వాళ్లు, వేడి రాగిగంజి ఉంచండి. అన్నిటికంటే ముఖ్యమైనది, మధ్యలో మానుకున్నవాళ్లను ఎగతాళి చేయనివ్వకండి. వాళ్ల పేర్లు కూడా మైకులో గౌరవంగా చదవండి.

మేము మళ్లీ పందెం పెట్టడానికి రెండేళ్లు పట్టింది. 2017 అక్టోబరు. ఆ ఏడు వానలు మా వైపు బాగా కురిశాయి. అనుకున్న ఆదివారం పొద్దున ఆకాశం చిల్లుపడినట్టు కురిసింది. ఆపే అధికారం ఇచ్చిన మనిషి వచ్చి చూసి, వద్దన్నాడు. వారం వాయిదా వేశాం. "మా కాలంలో వానలోనే తొక్కేవాళ్లం" అని ఒక పెద్దాయన అందరిలో దెప్పారు. ఊరుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది.

మరుసటి ఆదివారం సన్నని తుంపర. ఒక్కొక్కరినీ వదిలాం. పల్లంలోని ఆ మలుపు దగ్గర ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడ్డది ఎవరో మీరు ఊహించే ఉంటారు. భుజం విరిగిన ఆ పిల్లవాడే. మేము అడగలేదు, తనే వచ్చాడు. వచ్చే ప్రతి సైకిల్‌నూ చూసి "నిదానం, నిదానం" అని అరుస్తూనే ఉన్నాడు. గొంతు పోయింది. ఒక్కరూ పడలేదు. అంతకుముందు వారం వాయిదా సంగతి చెప్పడానికి ఆ తల్లికి ఫోను చేశాను. వాన వస్తోందమ్మా, అందుకే ఆపేశాం అన్నాను. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. "సరే సార్, మంచి పని చేసినారు" అంది.

రేపు మీ పిల్లవాడు తడుస్తూ నిలబడి "వదలండి" అని గోల చేయవచ్చు. చేయనివ్వండి. ఈల మీ చేతిలో ఉంది. ఊదే ముందు ఒక్కసారి ఆకాశం వైపు చూడండి.